వడి, వేగం ఒకటేనా? - పర్యాయపదాలు నేర్చుకునే పద్ధతి

విద్యార్థులారా! "వేగం అనే మాటకు పర్యాయపదం రాయండి" అని తెలుగు పరీక్షలో అడిగితే "వడి" అని రాస్తారు. మార్కు వస్తుంది. భౌతికశాస్త్రం పరీక్షలో "వడి, వేగం రెండూ ఒకటే" అని రాస్తే ఉన్న మార్కు పోతుంది. ఎందుకని?

400 మీటర్ల పరుగుబాట మీద ఒక పిల్లవాడు ఒక చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చాడనుకోండి. అతను పరుగెత్తిన దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే సరాసరి వడి వస్తుంది. అది సున్న కాదు. కాని మొదటి చోటికే తిరిగి వచ్చాడు గనుక అతని స్థానభ్రంశం సున్న. కాబట్టి సరాసరి వేగమూ సున్నే! వేగానికి దిశ కావాలి, వడికి అక్కరలేదు. ఇంట్లో, బజారులో ఈ తేడాతో మనకు పని లేదు. అక్కడ రెండూ ఒకటే. ప్రయోగశాలలో తేడా ఉంది. అక్కడ రెండూ వేరు.

దీన్నిబట్టి మనకొక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. పర్యాయపదాలంటే అన్ని చోట్లా ఒకదానికొకటి బదులు వచ్చే మాటలు కావు. ఫలానా వాక్యంలో, ఫలానా సందర్భంలో ఒకే అర్థాన్ని ఇచ్చే మాటలు. ప్రవేశ పరీక్షలకు చదివే పిల్లలు చాలామంది ఈ సంగతి గమనించక, పదాల జాబితాలను ఎక్కాల్లాగా బట్టీ పడతారు. ప్రశ్న కొంచెం మారేసరికి తడబడతారు.

పరీక్షలో ఏం అడుగుతారు?

నవోదయ విద్యాలయాలు 1986లో మొదలయ్యాయి. వాటి ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో భాషా విభాగానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు. నాలుగు గద్యభాగాలు ఇచ్చి ఒక్కొక్కదాని మీద అయిదేసి ప్రశ్నలు అడుగుతారు. ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. సైనిక్ స్కూళ్ల తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. మన వైపు కలికిరిలో 2014లో సైనిక్ స్కూలు ప్రారంభమైంది. ఈ పరీక్షలు రాసే పిల్లలు ఎక్కువ, సీట్లు తక్కువ. రెండు మూడు ప్రశ్నల తేడాతో సీటు చేజారవచ్చు.

ఉదాహరణకు "అంబరం" అనే మాట తీసుకోండి. దీనికి ఆకాశం అనే అర్థమూ ఉంది, వస్త్రం అనే అర్థమూ ఉంది. "అంబరాన చుక్కలు మెరిశాయి" అన్నప్పుడు ఆకాశం. "పీతాంబరం కట్టుకున్నాడు" అన్నప్పుడు వస్త్రం. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఈ రెండూ ఉంటే బట్టీ పట్టినవాడు ఏది ఎంచుకుంటాడు? ఇంగ్లీషులోనూ ఇంతే. "బిగ్", "లార్జ్" రెండింటికీ "పెద్ద" అనే అర్థం. కాని "బిగ్ బ్రదర్" అంటే అన్న. "లార్జ్ బ్రదర్" అంటే లావుపాటి సోదరుడని నవ్వుతారు! అందుచేత ప్రతి జవాబునూ ఆ వాక్యంలో పెట్టి మనసులో చదివి చూడండి. అతికినదే జవాబు.

ఎనిమిది ముక్కలు, పదిహేను మాటలు

ఇప్పుడు జ్ఞాపకం ఉంచుకోవడానికి ఒక సులువు చూద్దాం. జలం, వారి, నీరం, అంబువు, తోయం - ఈ అయిదూ నీటి పేర్లే. వీటి చివర చేరే మూడు ముక్కలు తెలుసుకోండి. "జం" అంటే పుట్టినది. "దం" అంటే ఇచ్చేది. "ధి" అంటే తనలో ఉంచుకున్నది.

నీటిలో పుట్టినది పద్మం: జలజం, వారిజం, నీరజం, అంబుజం, తోయజం.
నీటిని ఇచ్చేది మేఘం: జలదం, వారిదం, నీరదం, అంబుదం, తోయదం.
నీటిని తనలో ఉంచుకున్నది సముద్రం: జలధి, వారిధి, నీరధి, అంబుధి, తోయధి.

చూశారా! అయిదూ మూడూ ఎనిమిది ముక్కలు నేర్చుకుంటే పదిహేను మాటలు వచ్చాయి. "జలదం" మేఘం, "జలధి" సముద్రం. ఒక్క వత్తుతో అర్థం మారిపోయింది. పరీక్షలో తికమక పెట్టే ప్రశ్నలు ఇలాంటి చోటనే వస్తాయి.

నీటిలో చేపలూ పుడతాయి, నాచూ పుడుతుంది. అయినా "జలజం" అనగానే పద్మమనే అర్థం వాడుకలో స్థిరపడింది. ఇలాంటి మాటలను యోగరూఢాలు అంటారు.

పేరులో దాగిన పరిశీలన

చెట్టుకు "పాదపం" అని పేరు. పాదాలతో తాగేది అని అర్థం. వేళ్ల మీది సన్నని మూలకేశాలు నేలలోని నీటిని పీల్చుకుంటాయని మీరు వృక్షశాస్త్రంలో చదివారు గదా! పక్షికి "ద్విజం" అని పేరు. ఒకసారి గుడ్డుగా, మరొకసారి గుడ్డు పగిలి పిల్లగా, రెండుసార్లు పుట్టేది. పాముకు "ఉరగం" అని పేరు. రొమ్ముతో పాకేది. కారణం తెలిస్తే మాట మరవదు.

అయితే పేరు చెప్పిందల్లా శాస్త్రసత్యం కాదు. పామును "చక్షుశ్రవం" అన్నారు, అంటే కళ్లతో వినేది. పాముకు బయటి చెవులు లేని మాట నిజమే. కాని అది కళ్లతో వినదు. నేలలోని కంపనాలు దాని దవడ ఎముకల ద్వారా లోపలి చెవికి చేరతాయి. "ఆమ్లజని" సంగతీ అంతే. ఆమ్లాలన్నింటిలో ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ అనుకుని ఆ వాయువుకు ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తర్వాత తేలింది. పేరు మాత్రం మిగిలిపోయింది.

మన ఇంటి మాటలు

పర్యాయపదాలు పుస్తకాల్లోనే ఉంటాయనుకోకండి. మా వడమాలపేట పిల్లలు "చెనిక్కాయలు" అంటారు. రాయలసీమలోనే కొన్ని చోట్ల "బుడ్డలు" అంటారు. తెలంగాణలో "పల్లీలు". పాఠ్యపుస్తకంలో "వేరుశనగ". అన్నీ ఒకటే. పేరులో "వేరు" ఉన్నా ఈ కాయ వేరుకు కాయదు. పువ్వు నేలపైనే పూస్తుంది. ఫలదీకరణ జరిగాక ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతుంది. దాని కొన కాయగా మారుతుంది. మనం అలసందలు అంటే కోస్తావారు బొబ్బర్లు అంటారు. మన సొరకాయే వారి ఆనపకాయ. మీ అవ్వ మాటనూ, పుస్తకం మాటనూ పక్కపక్కనే రాసుకోండి.

నోటుపుస్తకం ఎలా ఉండాలి?

అకారాది క్రమంలో కాదు, వర్గాలుగా రాయండి. అమరసింహుడు సంస్కృతంలో కూర్చిన అమరకోశం అలాగే ఉంది. అందులో వారివర్గం, వనౌషధివర్గం, సింహాదివర్గం వంటి విభాగాలు ఉన్నాయి. 1852లో ఇంగ్లీషులో ప్రసిద్ధమైన పర్యాయపద కోశాన్ని ప్రచురించిన పీటర్ మార్క్ రోజెట్ వైద్యుడు. జీవశాస్త్రజ్ఞులు ప్రాణులను వర్గీకరించినట్లుగా ఆయన మాటలను వర్గీకరించాడు. తెలుగులో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఆచార్యులు జి.ఎన్.రెడ్డి గారు కూర్చిన పర్యాయపద నిఘంటువు ఉంది. మీ బడి గ్రంథాలయంలో ఉంటే తిరగేయండి.

రోజుకు అయిదు మాటలు చాలు. ప్రతి మాటకూ మూడు సంగతులు రాయండి: అర్థం, ఆ పేరు రావడానికి కారణం, సొంత వాక్యం ఒకటి. మర్నాడు పుస్తకం మూసి గుర్తు చేసుకోండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరొకసారి చూడండి. ఒకే రాత్రి పదిసార్లు చదివిన దానికంటే ఇలా విడివిడిగా గుర్తు చేసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, చదివిన దాన్ని కొన్ని రోజుల మీద పంచుకుంటే మేలని 1885లోనే చూపాడు.

ప్రయత్నించండి

1. "ఉదకం" అంటే నీరు. అయితే "ఉదధి" మేఘమా, సముద్రమా?
2. దివాకరుడు, నిశాకరుడు - వీరిలో చంద్రుడు ఎవరు?
3. ఖగం, విహగం, ఉరగం, పక్షి - వీటిలో చేరనిది ఏది?
4. "ఈ ఎద్దుకు బలం ఎక్కువ" అన్నచోట "శక్తి" అనవచ్చునా? "బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు" అన్నచోట?

జవాబులు: 1. సముద్రం. చివర "ధి" ఉంది. 2. నిశాకరుడు. నిశ అంటే రాత్రి, దివా అంటే పగలు. 3. ఉరగం. "గం" అంటే వెళ్లేది. ఖగం, విహగం ఆకాశాన వెళ్తాయి, ఉరగం నేల మీద పాకుతుంది. 4. మొదటి చోట అనవచ్చు. రెండో చోట అనకూడదు. శక్తిని కొలిచేది జౌళ్లలో.