బోర్డు చదువుదాం, సరైన చోట దిగుదాం

తాండూరు, వికారాబాద్ మీదుగా 1874 నుంచి రైళ్లు నడుస్తున్నాయి. పని కోసమో, పెండ్లి కోసమో, దవాఖాన కోసమో మనం పట్నం పోతూనే ఉంటాం. బండి ఎక్కడం అందరికీ వచ్చు. సరైన చోట దిగడమే కష్టం.

చంటిబిడ్డకు జ్వరం తగ్గలేదనుకోండి. నీలోఫర్ దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. అది పిల్లల పెద్ద సర్కారు దవాఖాన. 1953లో మొదలయింది. దానికి దగ్గరి స్టేషన్ లక్డీకాపూల్. లక్డీ అంటే కట్టె. పూల్ అంటే వంతెన. మరి అక్కడికి ఎట్లా పోవాలి?

ముందు లింగంపల్లిలో ఆగే బండి ఏదో అడిగి ఎక్కండి. లింగంపల్లిలో దిగి ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కండి. ఇది పట్నం లోపల తిరిగే రైలు. 2003లో మొదలయింది. చిన్న స్టేషన్లలో కూడా ఆగుతుంది. ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంటుంది.

ఎక్కే ముందు ఒక మాట అడగండి. "అన్నా, ఈ బండి నాంపల్లి పోతుందా?" నాంపల్లినే హైదరాబాద్ స్టేషన్ అని కూడా అంటారు. కొన్ని బండ్లు సికింద్రాబాద్ వైపు పోతాయి. బేగంపేట దాకా రెంటికీ ఒకటే దారి. ఆ తర్వాత దారులు వేరు. సికింద్రాబాద్ బండిలో కూర్చుంటే లక్డీకాపూల్ రానే రాదు. పొరపాటున ఎక్కినా కంగారు పడవద్దు. బేగంపేటలో దిగి, నాంపల్లి బండి ఎక్కండి.

ఈ నాలుగు పేర్లు కాగితం మీద రాసుకోండి:

బేగంపేట
నెక్లెస్ రోడ్
ఖైరతాబాద్
లక్డీకాపూల్

స్టేషన్‌లో పసుపుపచ్చ బోర్డు ఉంటుంది. దాని మీద నల్లని అక్షరాలతో తెలుగులో కూడా పేరు ఉంటుంది. బండి ఆగినప్పుడల్లా కిటికీలోంచి బోర్డు చదవండి. బండి ఎక్కువసేపు ఆగదు. అందుకే ఖైరతాబాద్ దాటగానే లేవండి. బిడ్డను, సంచిని పట్టుకొని సిద్ధంగా ఉండండి.

ఒకవేళ దిగలేకపోతే? కదిలే బండిలోంచి ఎన్నడూ దిగవద్దు. ప్రాణం కన్నా ఏదీ ఎక్కువ కాదు. తర్వాత వచ్చేది నాంపల్లి. అదే చివరి స్టేషన్. అక్కడ నిదానంగా దిగండి. అక్కడి నుంచి కూడా దవాఖాన దగ్గరే. ఆటోలో పోవచ్చు.

మనం నేర్చుకున్న అక్షరాలు పలక మీదనే ఉండిపోవద్దు. దారి కూడా చూపాలి.

జవాబులు చెప్పండి:
1. లక్డీకాపూల్ పోవాలంటే ఏ బండి ఎక్కాలి?
2. రెండు దారులు ఎక్కడ విడిపోతాయి?
3. మీ ఊరి నుంచి లింగంపల్లి దాకా వచ్చే స్టేషన్ల పేర్లు రాయండి.