సున్తీ తరువాత పసిబిడ్డ సంరక్షణ



పసిబిడ్డకు సున్తీ చేయించి ఇంటికి తెచ్చాక తల్లులు, అవ్వలు నన్ను అడిగే మాట ఒకటే: "హకీం సాబ్, పుండు మీద ఏం పూయమంటారు?" నా దవాఖానాలో మర్హంలు చాలానే ఉన్నాయి. అయినా నెలలోపు బిడ్డకు వాటిలో ఒక్కటీ ఇవ్వను. ఈ గాయం 7 నుంచి 10 రోజుల్లో తనంతట తానే మానుతుంది. దాన్ని శుభ్రంగా ఉంచటం, కనిపెట్టి చూడటం మాత్రమే మన పని.

రోజూ చేయవలసింది: ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. గుడ్డ మార్చినప్పుడల్లా మందు కలపని వాజలీన్ కొంచెం రాస్తే పుండు గుడ్డకు అంటుకోదు. ప్లాస్టిక్ రింగు పెట్టి ఉంటే, డాక్టరు చెబితే తప్ప అదీ వద్దు. రింగు సాధారణంగా 5 నుంచి 8 రోజుల్లో రాలిపోతుంది, లాగకండి. బిడ్డకు తల్లిపాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి.

రెండు మూడు రోజులకు పుండు మీద పసుపుపచ్చని పొర కనబడుతుంది. అది చీము కాదు, కొత్త చర్మం వస్తున్న గుర్తు. ఒక అవ్వ దాన్ని చీమనుకొని రోజూ దూదితో తుడిచేది. పుండు మళ్లీ మళ్లీ నెత్తురు కారి, మానటానికి రెట్టింపు రోజులు పట్టింది. ఆమె ప్రేమలో లోపం లేదు, తెలియక చేసిన పని.

చేయకూడనివి: బూడిద, పసుపు, కాఫీ పొడి, పౌడరు ఏదీ చల్లకండి. బూడిదలో, మట్టిలో ధనుర్వాతపు క్రిములు ఉండవచ్చు. తేనెలో షిఫా ఉందని మనం నమ్ముతాం. కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి, పుండుకూ రాయకండి. దానిలో ఉండే ఒక రకం క్రిమి పసిబిడ్డ నరాలను చచ్చుబడేలా చేయగలదు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు:
1. శుభ్రమైన గుడ్డతో 5 నిమిషాలు మెల్లగా అదిమినా నెత్తురు ఆగకపోవటం.
2. 8 గంటలు దాటినా మూత్రం పోయకపోవటం.
3. ఎరుపు, వాపు పొట్ట వైపు పాకటం, దుర్వాసన, చీము.
4. రింగు కిందికి జారి బిగుసుకోవటం.
5. జ్వరం 100.4 డిగ్రీలు దాటటం, పాలు తాగకుండా మగతగా పడి ఉండటం.

ఇవి కనిపిస్తే నా దగ్గరికి కూడా రాకండి, నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక సున్తీకి ముందు చూడవలసినవి. బిడ్డ నెల తక్కువ పుట్టినా, కామెర్లు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా నెత్తురు గడ్డకట్టని జబ్బు ఉన్నా డాక్టరుకు చెప్పండి. మూత్రద్వారం కొనన కాక కింది వైపు ఉంటే సున్తీ ఆపండి. దాన్ని సరిచేసే ఆపరేషనుకు ఆ చర్మమే కావాలి. అఖీఖా నాడే సున్తీ కూడా జరిగి తీరాలని పట్టుబట్టకండి. బిడ్డ గట్టిపడ్డాక చేయించవచ్చు.

అల్లాహ్ మీ పిల్లలకు ఆరోగ్యం, ఆయుష్షు ప్రసాదించుగాక.