బలిపీఠం దగ్గర గుర్తొచ్చిన బాకీ



మన విచారణల్లో తగాదాలు కొత్తేమీ కాదు. పొలం గట్టు జరిపారని, బోరు నీళ్లు వదల్లేదని, చీటీ పాడుకుని మిగతా కంతులు కట్టలేదని, ఒకే గుడిలో మోకరించేవారి మధ్యనే మాటలు ఆగిపోతాయి. దివ్యపూజలో సమాధానం తెలుపుకునే వేళ పక్కవారందరికీ చేతులు జోడించి, వెనుక వరుసలోని ఆ ఒక్క మనిషి వైపు మాత్రం తిరగనివారిని ప్రతి గురువూ పీఠం మీది నుంచి చూస్తూనే ఉంటాడు. చివరకు పెద్దమనుషులు కూర్చుంటారు. పది నిమిషాలైనా గడవకముందే ఒకరు నష్టపోయినవాని వైపు తిరిగి, "మనం క్రైస్తవులం కదన్నా, క్షమించి వదిలెయ్" అంటారు.

వినడానికి ఇది సువిశేషంలాగే ఉంటుంది. కాని సువిశేషం చెప్పే వరుస ఇది కాదు.

మత్తయి సువిశేషం 5వ అధ్యాయంలో ప్రభువు కానుకతో బలిపీఠం ముందు నిలిచిన మనిషిని చూపిస్తారు. అతనికి గుర్తొచ్చేది ఇతరులు తనకు చేసిన కీడు కాదు, తన మీద సోదరునికి ఉన్న ఫిర్యాదు. కానుకను అక్కడే విడిచి ముందు వెళ్లి సఖ్యపడమన్నారు ప్రభువు. గలిలీయ రైతుకు యెరూషలేము దేవాలయం అంటే పలమనేరు నుంచి తిరుపతికి నడిచి వచ్చినంత దూరం. అంత నడిచి వచ్చినవాణ్ణి వెనక్కి పొమ్మనడం చిన్న మాటా? మొదటి అడుగు తప్పు చేసినవానిదే అన్నమాట.

నష్టపోయినవానికి కూడా ఒక అడుగు ఉంది. 18వ అధ్యాయం చూడండి. ముందు ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పోవాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మనం దీన్ని తలక్రిందులు చేస్తాం. కొళాయి దగ్గర, గుడి మెట్ల మీద ఊరందరికీ చెప్పి, ఆ ఒక్క మనిషికి మాత్రం చెప్పం. డెబ్బదియేడు మారులు క్షమించమన్న మాట కూడా ఈ మెట్లన్నీ చెప్పిన తర్వాతే వస్తుంది. క్షమించడానికి ఎదుటివాని అనుమతి అక్కరలేదు, ఈ రాత్రే క్షమించవచ్చు. సఖ్యతకు మాత్రం ఇద్దరు కావాలి, నిజం బయటికి రావాలి.

"పాపసంకీర్తనం చేశాను కదా ఫాదర్" అనేవారున్నారు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం ఈ విషయాన్ని స్పష్టంగా బోధిస్తుంది. పాపవిమోచనం పాపాన్ని తీసివేస్తుంది గాని, జరిగిన నష్టాన్ని దానంతటది పూడ్చదు. దొంగిలించింది తిరిగి ఇవ్వాలి, చెడగొట్టిన పేరును నిలబెట్టాలి. పునీత అక్వినాసు తోమాసు వారు నష్టపరిహారాన్ని న్యాయం అనే సుగుణం కింద చర్చించారు, దానధర్మాల కింద కాదు. జక్కయ్య కూడా రెండు లెక్కలు వేరువేరుగా చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు, మోసపోయినవారికి నాలుగింతలు. సోదరుని సొమ్ము ఎగ్గొట్టి, గుడికి ఫ్యాన్లూ మైకు సెట్టూ ఇచ్చి పేరు రాయించుకునేవారు మొదటి లెక్కతో రెండో లెక్క తీరిందనుకుంటారు. తీరదు. ఇక పరువు తీసినవానికి ఇంకా కష్టం. ఏ నలుగురి ముందు అబద్ధమాడాడో, ఆ నలుగురి ముందే అది అబద్ధమని చెప్పాలి.

మరి నేరమే జరిగితే? 2016 ఏప్రిల్‌లో కడప మేత్రాణులు గల్లెల ప్రసాద్ గారిని అపహరించి కొట్టిన సంగతి మన మేత్రాసనం మరువలేదు. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో గురువులు కూడా ఉన్నారు. అటువంటివాటిని లోలోపల సర్దుకోవాలనడానికి కొందరు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 6వ అధ్యాయం చూపుతారు. అక్కడ పౌలుగారు మందలించింది చిన్న చిన్న వ్యవహారాలకు సైతం అన్యుల న్యాయస్థానాలెక్కే అలవాటును. నేరాన్ని కప్పిపుచ్చమని ఆయన చెప్పలేదు. రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1981లో తమను కాల్చినవానిని రోజుల్లోనే క్షమించారు, 1983లో జైలుకు వెళ్లి పలకరించారు. అయినా 2000లో ఇటలీ దేశాధ్యక్షులు క్షమాభిక్ష పెట్టేదాకా అతడు అక్కడ జైలులోనే ఉన్నాడు. ఆ క్షమాపణ కల్తీదని ఎవరమూ అనం కదా!

నిజంగానే చేతిలో డబ్బు లేనివాని సంగతేమిటి? దీనికి పౌలుగారి లేఖల్లో అన్నిటికంటే చిన్నది చదవండి. ఒనేసిము ఫిలేమోను ఇంటి బానిస. యజమానికి దూరమై, పౌలు వద్ద క్రైస్తవుడయ్యాడు. అతణ్ణి తిరిగి పంపుతూ పౌలుగారు ఊరికే "వదిలెయ్" అనలేదు. ఏమైనా నష్టం చేసి ఉంటే నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తానని స్వహస్తంతో రాసి ఇచ్చారు. రాసేనాటికి ఆయన చెరసాలలో ఉన్నారు! మన పంచాయతీల్లో సాక్షి సంతకానికి పదిమంది ముందుకొస్తారు. చీటీ బాకీ నెలకింత చొప్పున కడతానని ఒక పేద సోదరుడు కాగితం రాసిచ్చినపుడు, దాని కింద జామీను సంతకం పెట్టే పెద్దమనిషి మీ విచారణలో ఎవరైనా ఉన్నారా?