ఏడాది నిండేదాకా దిండు వద్దు

ప్రశ్న: మా బాబుకు నాలుగో నెల. తల గుండ్రంగా రావాలని అత్తయ్య ఆవాల దిండు కుట్టారు. పుట్టింటివాళ్లు మెత్తటి పరుపు, పక్క దిండ్లు, బొచ్చు దుప్పటి ఉన్న సెట్టు కొనిచ్చారు. వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయంటున్నారు. ఏది వినాలి?

జవాబు: దిండ్లు అన్నీ తీసేయండమ్మా, ఆవాలదీ, కొన్నవీ కూడా. ఈ వయసులో ముఖం మెత్తటి దాంట్లో కూరుకుపోతే తల తిప్పుకునే బలం ఉండదు. వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం 2 నుంచి 4 నెలల మధ్యే ఎక్కువ.

పాల భయం అందరికీ ఉండేదే. కానీ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కినవి పైకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా పడుకుంటేనే సులువు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక ఇలాంటి మరణాలు సుమారు సగానికి తగ్గాయి.

తల సంగతికొస్తే, ఆవాలతో పనిలేదు. రోజుకో వైపు తల తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుటే కాసేపు బోర్లా వేయండి. అత్తయ్యగారి చేతిపని వృథా అనుకోకండి: ఆవిడ దగ్గర పాత చీరల పలుచటి బొంత ఉంటే, గట్టి చెక్క మీద ముడతల్లేకుండా పరిస్తే ఆ ఖరీదైన పరుపు కంటే నయం. అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు, అంతే పరీక్ష. దుప్పటి బదులు ఒంటికి ఒక జత బట్టలు ఎక్కువ వేయండి. మన ఉక్కకు అదీ చాలాసార్లు అక్కర్లేదు. మెడ వెనక చెమట పట్టిందంటే ఎక్కువైనట్టే. నిద్రలో టోపీ వద్దు. దోమతెర బిగుతుగా ఉండాలి, ముఖం మీదికి జారకూడదు.

మీ గదిలోనే, మీ మంచం పక్కనే, కానీ వేరే పక్క మీద పడుకోబెట్టండి. పొగ, మందు అలవాటున్నవాళ్ల పక్కన అసలే వద్దు. సోఫాలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం.

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. ఇప్పుడైనా దిండు పెట్టొచ్చా?

జవాబు: పెట్టండి, పలుచటిది. మంచం మాత్రం గోడకు సందు లేకుండా ఆనించండి, లేదా రెండడుగులు దూరం జరపండి. ఆ సన్నటి సందులోనే పిల్లలు ఇరుక్కుంటారు.