వ్యాయామంలో ధ్యాస



తెల్లవారుజామున గంట కొట్టగానే గ్రౌండులో వరుసగా నిలబడడం మా రోజుల్లో తప్పనిసరి. పరుగెత్తేవి కాళ్ళే. మనసు మాత్రం టిఫిను ఉప్మానా, పులిహోరా అన్న దగ్గరే ఉండేది. ఒక వేసవిలో మాలో ఒకడు నాలుగో రౌండులో కళ్ళు తిరిగి పడిపోయాడు. తేరుకున్నాక అడిగితే, రెండో రౌండు నుంచే తల తిరుగుతోందనీ, నవ్వుతారని చెప్పలేదనీ అన్నాడు. ఒంటి మాట వినడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని మాకు ఆరోజు తెలిసింది.

ఈ విద్య మన పల్నాటికి కొత్తదేమీ కాదు. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల కాలాన మాచర్ల దగ్గరి నాగార్జునకొండ లోయలో బౌద్ధ విహారాలుండేవి. ఆ లోయ సాగర్ నీళ్ళలో మునిగింది. అక్కడ తవ్వకాల్లో బయటపడిన మెట్ల వరుసల ప్రదర్శనశాలను అనుపులో తిరిగి నిర్మించారు. విహారయాత్రకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. బౌద్ధుల సతిపట్ఠాన సుత్తం కూర్చున్నప్పుడే కాదు, నడిచేటప్పుడూ, చేయి ముడిచి చాచేటప్పుడూ ఎరుకతో ఉండమంటుంది. (మతం మారమనడం లేదు సుమా!) 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆచార్యుడు ఇదే పద్ధతిని ఆస్పత్రి రోగులకు నేర్పడం మొదలుపెట్టాడు.

చేయడం సులువే. మెల్లగా పరుగెత్తుతూ మూడడుగులకు ఊపిరి తీసి, మూడడుగులకు వదలండి. వేగం పెరిగితే రెండేసి అడుగులు చాలు. పాదం నేలకు ఎలా తాకుతోందో గమనించండి. మనసు పారిపోతుంది, తప్పదు. పారిపోయిందని తెలియగానే, తిట్టుకోకుండా మళ్ళీ అడుగు మీదికి తెచ్చుకోవాలి. బస్కీలు తీసేటప్పుడు లెక్క కన్నా మోకాలి మీద ధ్యాస ముఖ్యం. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడికి ఇదంతా చెప్పనక్కరలేదు. ఆ 30 సెకన్లూ వాడికి ఊపిరి, అవతలివాళ్ళ కాళ్ళు తప్ప వేరే లోకం ఉండదు.

కండరాల మంట వేరు, కీలులో పోటు వేరు. మంట సర్దుకుంటుంది. పోటు వస్తే ఆపాలి. మనది రెంటచింతల ఎండలున్న ప్రాంతం. తల తిరిగినా, వాంతి వచ్చేట్టున్నా వెంటనే ఆగి, నీడకు చేరి, నీళ్ళు తాగాలి. పక్కవాడి మాట తడబడినా, స్పృహ తప్పినా ఒళ్ళు తడిపి, విసురుతూ 108కి ఫోను చేయించండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఆనాడు పడిపోయిన మా మిత్రుడు తర్వాత కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్లు పరుగెత్తాడు. మూడో రౌండులో ఒళ్ళు బరువెక్కితే కాస్త వేగం తగ్గించి, ఊపిరి సర్దుకుని, నాలుగో రౌండు అందుకున్నానని మాకు చెప్పాడు.