ఒకే బండి, రెండు మైలేజీలు: డీజిల్ ఎక్కడ ఖర్చవుతోంది?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, బీజాపూర్ జిల్లాలో ఉంది భోపాల్‌పట్నం. తెలుగు మాట వినిపించే ఊరు. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే ముగుస్తుంది. ఈ ఊళ్లో డీజిల్ ఎస్‌యూవీ ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వారికి రోజూ బడికి, బజారుకు రెండేసి కిలోమీటర్ల తిరుగుడు. ఎప్పుడో ఒకసారి వైద్యానికో పెళ్లికో హైదరాబాద్ ప్రయాణం. ఊళ్లో లీటరుకు 10 కిలోమీటర్లు వస్తే గొప్ప. అదే బండి పెద్ద రోడ్డెక్కితే 16 ఇస్తుంది. ఇంజిన్‌లో లోపమేమీ లేదు. మరి తేడా ఎక్కడిది?

లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఊరి తిరుగుడులో అందులో పావు వంతు చక్రాలకు చేరితే ఎక్కువే. మిగతాది వేడిగా పోతుంది. మనుషులతో కలిపి 1,800 కిలోల బండిని నిలిచిన చోటి నుంచి గంటకు 40 కి.మీ. వేగానికి తేవాలంటే దాదాపు 12 మిల్లీలీటర్ల డీజిల్ కావాలి. స్పీడ్ బ్రేకరో, పశువుల మందో అడ్డొచ్చి బ్రేకు వేస్తే అలా సంపాదించిన వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారిపోతుంది. రెండు కిలోమీటర్లలో ఐదుసార్లు ఆగితే 60 మిల్లీలీటర్లు. టైర్లు దొర్లడానికి అయ్యే ఖర్చు అంతకంటే తక్కువే. దీనికి ఏసీ, ఆగి ఉన్నా నడిచే ఇంజిన్, ఇంకా వేడెక్కని ఆయిల్ తోడవుతాయి.

పెద్ద రోడ్డు మీద శత్రువు గాలి. దాని నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 60 నుంచి 100కు వెళితే దాదాపు 2.8 రెట్లు. ఎత్తుగా, వెడల్పుగా ఉండే ఎస్‌యూవీకి ఇది చిన్న కారుకంటే ఎక్కువ భారం. టాపు మీద సామాను కట్టి తోలితే చెప్పక్కర్లేదు.

షోరూములో చెప్పే ఏఆర్‌ఏఐ మైలేజీ అబద్ధం కాదు, కానీ అది ఈ రోడ్లది కాదు. బండిని రోలర్ల మీద, ఏసీ ఆపి, 20 నిమిషాల లోపు నడిపి కొలుస్తారు. గరిష్ఠ వేగం 90, సగటు వేగం 32 చిల్లర. బండ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది పనికొస్తుంది, నెల ఖర్చు లెక్కకు కాదు.

అసలు తికమక ‘లీటరుకు ఇన్ని కిలోమీటర్లు’ అనే కొలతలోనే ఉంది. ఊళ్లో మైలేజీ 8 నుంచి 10కి పెరిగిందనుకోండి, పెద్ద రోడ్డు మీద 16 నుంచి 20కి. రెండోదే గొప్పగా కనిపిస్తుంది. కానీ 100 కిలోమీటర్లకు లెక్కిస్తే మొదటి చోట 12.5 లీటర్లు 10 అవుతాయి, ఆదా రెండున్నర లీటర్లు. రెండో చోట 6.25 లీటర్లు 5 అవుతాయి, ఆదా ఒకటింబావు మాత్రమే. సగటు తీసేటప్పుడూ ఇదే చిక్కు. 300 కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, మరో 300 లీటరుకు 15 చొప్పున తిరిగితే సగటు 12.5 కాదు, 12. ఎందుకంటే కాలినవి 50 లీటర్లు.

చిన్న తిరుగుళ్లకు ఇంకో ఖర్చుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల తర్వాత వచ్చిన డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అందులో పేరుకున్న మసిని కాల్చడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజిన్ అదనపు డీజిల్ వాడుకుంటుంది. రెండు కిలోమీటర్లకే బండి ఆపేస్తే ఆ పని సగంలో నిలిచిపోతుంది. మళ్లీ మొదలైనప్పుడు మళ్లీ డీజిల్. ఇలా పదేపదే జరిగితే వడపోత మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని పట్టించుకోకపోతే వచ్చే మరమ్మతు బిల్లు ముందు మైలేజీ తేడా లెక్కలోకి రాదు. బీజాపూర్ రోడ్డు మీద ఆగకుండా 20 నిమిషాలు నడిస్తే చాలావరకు వడపోత తనంతట తానే శుభ్రపడుతుంది. ఏం చేయాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది.

ఇంట్లోనే కొలుచుకోవడం తేలిక. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోవాలి. మళ్లీ అదే బంకులో, పంపు తనంతట తాను ఆగేదాకా నింపించి, పట్టిన లీటర్లను వందతో హెచ్చించి, తిరిగిన కిలోమీటర్లతో భాగించాలి. ఊరి తిరుగుడు మాత్రమే ఉన్న ట్యాంకును, హైదరాబాద్ వెళ్లొచ్చిన ట్యాంకును విడివిడిగా రాసుకుంటే ఏ రోడ్డు ఎంత తాగుతోందో తెలుస్తుంది.