పార్వోతో కుక్కపిల్ల పోయిన ఇంట్లోకి మరొకటి ఎప్పుడు?

ప్రశ్న: వీధి నుంచి తెచ్చిన కుక్కపిల్ల నాలుగో రోజే జబ్బుపడి పార్వోతో చనిపోయింది. మరొకటి తెచ్చుకోవచ్చా?

జవాబు: పార్వో కుక్కపిల్లల పేగుల లోపొరనూ తెల్లరక్తకణాలనూ దెబ్బతీసే వైరస్ వ్యాధి, లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది గనుక, ఆ పిల్లకు అది వీధిలోనే సోకి ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి పెంచినవారు తమను నిందించుకోవడం అన్యాయమే. అయితే విరేచనాలతో నేలకు చేరిన వైరస్ నీడపట్టున ఏడాది దాకా నిలవగలదు. గచ్చును ముందు శుభ్రంగా కడిగి, 1 వంతు బ్లీచ్ ద్రావణాన్ని 30 వంతుల నీటిలో కలిపి పోసి 10 నిమిషాలు ఉంచితే నశిస్తుంది గానీ, పెరటి మట్టికి ఈ ఉపాయం పనిచేయదు. అందుచేత ఏడాదిలోపు తెచ్చేట్లయితే టీకాలన్నీ పడిన పెద్ద కుక్కను దత్తత తీసుకోవడమే మేలు; పిల్లే కావాలనుకుంటే, 6-8 వారాల వయసులో మొదలై 16 వారాలు దాటేదాకా విడతలుగా వేసే టీకాలు పూర్తయ్యాకే తీసుకురావాలి.